పెద్దల చుక్క

అరవై దగ్గరపడ్డాక మనువు మాట వస్తే ఏం చెయ్యాలో యర్రమ్మకు ఎవరూ నేర్పలేదు. చేప కడగడం నేర్పారు, కత్తిపీట ముందు కూర్చోవడం నేర్పారు, బేరం కుదరక వెళ్లిపోతున్న మనిషిని ఎంత దూరం పోనిచ్చి వెనక్కి పిలవాలో కూడా నేర్పారు. ఈ ఒక్క సంగతి మాత్రం మరిచిపోయారు. అందుకే సత్యారావు ఆ మాట బయటపెట్టిన దగ్గర్నుంచి ఆమెకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. చీపురు చేతిలో పెట్టుకుని చీపురు వెతుక్కుంటోంది. కూరలో ఒకరోజు ఉప్పు రెండుసార్లు పడుతోంది, ఒకరోజు అసలే పడటం లేదు. కూతురు శ్రీలక్ష్మి ఏమీ అనకుండా తిని లేస్తోంది. యర్రమ్మకు దానిమీదే ఎక్కువ కోపంగా ఉంది.

సత్యారావు కొత్త మనిషేమీ కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో చాతం కర్రల మిల్లులో పనిచేసేవాడు. సాయంత్రం డ్యూటీ దిగి, బస్సులో గరాచర్మ జంక్షన్‌కు వచ్చి, తలలో రంపపుపొట్టుతోనే యర్రమ్మ చేపల బుట్ట ముందు నిలబడేవాడు. భార్య జబ్బుచేసి పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. ఒంటరి మనిషి అన్నేసి కానాగంత చేపలు ఏం చేసుకుంటాడో జంక్షన్లో ఎవరికీ అంతుబట్టేది కాదు. యర్రమ్మకు అంతుబట్టింది గానీ, పట్టనట్టే తూచి ఇచ్చేది. రిటైరయ్యాక అతను బంబూఫ్లాట్ అవతల తండ్రి వదిలిపోయిన కొండవాలు భూమికి వెళ్లిపోయి అనాస తోట వేశాడు. అక్కడితో ఊరుకున్నాడా అంటే అదీ లేదు. ఆ పళ్లతో వైన్ పెడతానని ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాడు. చేపల కోసం మాత్రం ఫెర్రీ పడవలో సముద్రపు పాయ దాటి గరాచర్మ దాకా వచ్చేవాడు. మీ వైపు చేపలు దొరకవా అని ఎవరైనా అడిగితే, దొరుకుతాయి గానీ రుచి ఉండదనేవాడు.

అలా వచ్చిన ఒకరోజు, బుట్ట ఖాళీ అయ్యేదాకా ఆగి, మెల్లిగా కదిపాడు. మనవాళ్లలో మారుమనువు తప్పు కాదు గదా, ఉన్న నాలుగు రోజులూ ఇద్దరం ఒక కుండలో వండుకుందామన్నాడు.

నిజమే, వాళ్లలో తప్పు కాదు. మొగుడు పోయిన ఆడది మళ్లీ మనువాడితే పెద్దలు చీర పెట్టి మరీ పంపుతారు. అయితే ముందు మొగుడు పోయాడని తేలాలి. చిక్కంతా అక్కడే ఉంది.

సునామీ వచ్చినప్పుడు వాళ్లు హట్ బేలో, మచ్ఛీడేరా అనే జాలర్ల పేటలో ఉండేవారు. ఆదివారం. భర్త చీకటితోనే చిన్న పడవ, డోంగీ, వేసుకుని చేపల వేటకు పోయాడు. పొద్దు పొడిచాక భూమి ఊగింది, ఇంట్లో గిన్నెలు దొర్లాయి, ఆ తర్వాత సముద్రం వెనక్కి పోయింది. కూతురి చెయ్యి పట్టుకుని యర్రమ్మ మిట్టమీదికి పరిగెత్తింది. పైనుంచి చూస్తుండగానే ఊరు లేకుండా పోయింది. భర్త రాలేదు. డోంగీ రాలేదు, వల రాలేదు, శవమూ రాలేదు. తల్లీకూతుళ్లను ఓడలో పోర్ట్ బ్లెయిర్ తెచ్చి క్యాంపులో పెట్టారు. తర్వాత రేకుల షెల్టర్, చివరికి గరాచర్మలో ఈ ఇల్లు. ఆ మనిషి చనిపోయాడని సర్కారు అంది, చుట్టాలు అన్నారు, శ్రీలక్ష్మి పెళ్లినాడు వియ్యాలవారూ అన్నారు. యర్రమ్మ మాత్రం అనలేదు.

అలాగని ఆమె వెర్రిది కాదు. సముద్రం మనిషిని ఎంత దూరం మోసుకుపోగలదో ఆమెకు తెలుసు. గాలికి కొట్టుకుపోయి బర్మా ఒడ్డున తేలినవాళ్లున్నారు, అక్కడి జైళ్లలో ఏళ్ల తరబడి ఉండి తిరిగొచ్చినవాళ్లున్నారు. అలా ఎవరినైనా విడిపించి తెస్తున్నారని చెవిన పడితే చాలు, బుట్ట పక్కావిడకు అప్పజెప్పి హడ్డో జెట్టీకి పరుగు తీసేది. దిగినవాళ్ల మొహాలన్నీ ఒక్కొక్కటే చూసుకుని వెనక్కి వచ్చేది. ఈమధ్య వెళ్లినప్పుడు దిగినవాళ్లందరూ మీసాలైనా సరిగా రాని కుర్రాళ్లు. సునామీనాటికి చన్ను కుడుస్తూ ఉండి ఉంటారు. వాళ్లకు తాగడానికి నీళ్లిచ్చి వచ్చేసింది.

ఏటేటా పెద్దలకు పెట్టుకునే రోజున యర్రమ్మ ఆకులు పరిచి అన్నం, చేపల పులుసు, పక్కనే కాస్త కల్లు పెట్టేది. అత్తకు ఒకటి, మామకు ఒకటి, తన తండ్రికి ఒకటి. నాలుగో ఆకేదని ఎవరైనా నోరు జారితే, బతికున్న మనిషికి ఆకు వేస్తారా అని కసిరేది. ఆ కసురుకు భయపడి ఇరుగుపొరుగు అడగడం మానేశారు.

సత్యారావుకూ దాచకుండా అదే చెప్పింది.

“ఆ మనిషి పోనాడని నా నోటితో నాను అన్లేను సత్యారావు బాబూ. అనకండా నీ గుమ్మం తొక్కలేను.”

ఠీక్ హై అన్నాడతను. సంచీ పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వారం చేపలకు వచ్చాడు గానీ ఆ మాట ఎత్తలేదు. ఆ పై వారమూ ఎత్తలేదు. మళ్లీ అడిగితే చెడామడా తిట్టి పంపేయొచ్చు, యర్రమ్మకూ బరువు దిగేది. అడగని మనిషిని ఎలా తిడతారు? పోనీ మనసు రానంటోందా అంటే, మనసు ఎప్పుడో ఫెర్రీ ఎక్కి వెళ్లి ఆ కొండవాలు మీద చాప పరుచుకుని కూర్చుంది. నోరే ఈ ఒడ్డున ఉండిపోయింది.

ఇలా ఉండగా సత్యారావు వైన్ తయారైంది. రుచి చూడటానికి మనుషుల్ని పిలుస్తున్నాననీ, దాన్ని టేస్టింగ్ అంటారనీ, ఆదివారం తల్లీకూతుళ్లిద్దరూ రావాలనీ శ్రీలక్ష్మికి ఫోన్ చేశాడు. మొగుడు ఓడ మీద డ్యూటీలో ఉన్నాడు కాబట్టి శ్రీలక్ష్మికి అడ్డేమీ లేదు. యర్రమ్మ మాత్రం మోకాలు నొప్పంది, ఎండంది, ముసలిదాన్ని నేనెందుకంది. అన్నీ అంటూనే పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి గాలికి ఆరేసింది. శ్రీలక్ష్మి ఆ చీరను చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. తెలివైన పిల్ల.

చాతంలో ఫెర్రీ ఎక్కి, బంబూఫ్లాట్‌లో దిగి, అక్కడ బస్సు పట్టుకుని చాలాసేపు వంకర రోడ్డు మీద ఊగారు. బస్సు దిగేసరికి సత్యారావు రోడ్డు పక్కనే గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వానా లేదు, పెద్ద ఎండా లేదు. గొడుగు తెరవాలా వద్దా తేలక, దాన్ని చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాలరు దగ్గర ఇస్త్రీ మడత అడ్డంగా పడింది. చెప్పేవాళ్లు లేని ఇంట్లో అలాగే ఉంటుందని యర్రమ్మ మనసులో అనుకుని, వెంటనే తన మనసును తనే తిట్టుకుంది.

కొండవాలు పొడుగునా అనాస మొక్కలు వరసలు కట్టి ఉన్నాయి. వాటి పైన రేకుల షెడ్డు, దానికి ఆనుకుని రెండు గదుల ఇల్లు. షెడ్డులోకి అడుగు పెట్టగానే తీపీ పులుపూ కలిసిన వాసన ముక్కుకు కొట్టింది. ఒకవైపు నీలం డ్రమ్ములు, ఒకవైపు బల్లల మీద పెద్ద పెద్ద గాజు జాడీలు. ఒక్కో జాడీ మూతిలోంచి వంపు గొట్టం ఒకటి వచ్చి పక్కనున్న నీళ్ల గ్లాసులో మునిగి ఉంది. ఉండుండి అందులో బుడగ లేస్తోంది. లోపల పండురసం పొంగుతున్నంతకాలం బుడగ వస్తుందట, పొంగు చల్లారితే ఆగిపోతుందట. యర్రమ్మ ఒక జాడీ దగ్గర వంగి చెవి పెట్టింది. అన్నం కుతకుతలాడుతున్నట్టే ఉందంది. సత్యారావు మొహం వెలిగిపోయింది. తనకు నిద్ర పట్టనప్పుడు ఇక్కడికొచ్చి కూర్చుంటాననీ, ఈ చప్పుడు ఉంటే ఇంట్లో ఎవరో ఉన్నట్టే ఉంటుందనీ చెప్పాడు. చెప్పాక, అంత చెప్పకుండా ఉండాల్సిందేమోనని డ్రమ్ము మీద లేని దుమ్ము తుడిచాడు.

నోనీ పండుతో కూడా పెట్టి చూశాడట. ఆ కంపుకు వారం రోజులు కుక్కలు కూడా ఇటు రాలేదట. శ్రీలక్ష్మి పడీ పడీ నవ్వింది. యర్రమ్మ నవ్వలేదు గానీ, ఈ అనాస కల్లు మరీ తియ్యగా ఉంటుందేమో అని సందేహం చెప్పింది. కల్లు కాదు, వైన్ అని సత్యారావు దిద్దాడు. పొంగిన రసం ఏదైనా కల్లేనని యర్రమ్మ తేల్చేసింది. అతను వాదన అక్కడితో వదిలేసి పక్క జాడీ చూపించాడు. మిల్లులో అన్నేళ్లు పనిచేసినవాడికి ఏ దుంగ రంపానికి లొంగదో తెలుసు.

అప్పుడే మరో జంట వచ్చింది. మనోజ్, సింధూరి. ఆస్టినాబాద్‌లో ఉంటారు, ఇద్దరూ టీచర్లే. మనోజ్ నాసిక్ వైపు వెళ్లినప్పుడు పెద్ద వైన్ తోటలు చూశాడు, ఇక్కడ కూడా ఒకటి పెట్టారని విని సరదాపడి వచ్చాడు. సత్యారావు వాళ్లను జాడీలు చూడమని పంపి, తల్లీకూతుళ్లను షెడ్డు మధ్యలో ఉన్న పొడుగు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఇక్కడ ఆ బల్ల సంగతి కొంచెం చెప్పాలి. దాని మధ్యలో అరిటాకు ముక్క, ఆకు మీద ఒక ఇత్తడి గిన్నె ఉంది. చింతపండు పెట్టి తోమిన గిన్నె, బంగారంలా మెరుస్తోంది. అడుగున గుప్పెడు కొత్త ఇసుక పోసి ఉంది. సత్యారావు మొదటి సీసా మూత తీసి, నోరెత్తకుండా, తొలి ధార కాస్త ఆ గిన్నెలో వంపాడు. ఆ తర్వాతే గ్లాసుల్లో పోశాడు. అది చూసి యర్రమ్మకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ల ఇళ్లలో కుండ మూత తీస్తే మొదటి చుక్క పెద్దలదే. నేల మీద వేళ్లతో చిలకరించి, ఎవరికిస్తున్నామో చెప్పి, అప్పుడే మనుషులు నోట పెట్టుకోవాలి. ఈ కాలంలో ఎవరు చేస్తున్నారు? సిమెంటు గచ్చు మీద చిలకరిస్తే చీమలు పడతాయని ఎంత చక్కగా గిన్నె అమర్చాడు, ఎంత మర్యాదగా ఇసుక పోశాడు. లైసెన్సులొచ్చినా పెద్దల్ని మరవలేదు ఈ మనిషి అనుకుంది.

పాపం, ఆమె తప్పేముంది? టేస్టింగ్‌కు వచ్చినవాళ్లు అన్ని రకాలూ మింగితే తూలిపోతారనీ, రుచి చూసి ఉమ్మడానికి పక్కన ఒక గిన్నె పెట్టాలనీ సత్యారావుకు హోటల్లో పనిచేసేవాడెవడో చెప్పాడు. ఇంటికొచ్చిన అతిథిని ప్లాస్టిక్ బకెట్లో ఉమ్మమనడానికి అతనికి మనసొప్పలేదు. ఇంట్లో ఉన్నవాటిలో మంచి గిన్నె తీశాడు. చింది పడకుండా ఇసుక పోశాడు, బల్లకు మరక కాకుండా ఆకు వేశాడు. సీసా పైపైన తెట్టు తేలితే అతిథుల గ్లాసుల్లో పడకూడదని తొలి ధార అందులో వంపాడు. మర్యాద ఎక్కువై వచ్చిన చిక్కు అది.

రెండో రకం, నేరేడుది, తేవడానికి సత్యారావు లోపలికి వెళ్లాడు. యర్రమ్మ గ్లాసు ముందుకు జరుపుకుంది. ఉన్నవాళ్లలో పెద్దది తనే, కాబట్టి మొదట తనే చెయ్యాలి. కొంగు సర్దుకుని, మూడు వేళ్లు వైన్‌లో ముంచి, గిన్నె మీద చిలకరించింది.

“మా అత్తకి,” అంది. మళ్లీ ముంచింది. “మా మావకి.” మళ్లీ ముంచింది. “మా అయ్యకి.”

ఏటేటా అక్కడే ఆగే చెయ్యి. ఆరోజు ఆగలేదు. చల్లటి ఆ షెడ్డులో, బుడగల చప్పుడు మధ్య, మెత్తబడిన మనసుతో ఉన్న మనిషి చెయ్యి తనంత తానే నాలుగోసారి మునిగింది.

“మా ఇంటాయనకి,” అంది.

అన్నాక తెలిసింది ఏమందో. శ్రీలక్ష్మి నోటి దాకా తెచ్చుకున్న గ్లాసు దించేసింది. లోపలి గుమ్మంలో సత్యారావు నేరేడు సీసా పట్టుకుని నిలబడిపోయి ఉన్నాడు. అతని మొహంలోకి ఏదో వెలుగు వచ్చింది, అంతలోనే గిన్నె వైపు చూసి ఆ వెలుగు ఆరిపోయింది. ఏదో చెప్పబోయి అడుగు ముందుకు వేశాడు.

అప్పటికే మనోజ్ జాడీలు చూసి వచ్చి, బల్ల మీది గ్లాసు అందుకున్నాడు. నాసిక్‌లో చూసినట్టే గ్లాసును గుండ్రంగా తిప్పాడు, వాసన చూశాడు, ఒక గుక్క నోట్లో పోసుకుని రెండు దవడలకూ తిప్పి పుక్కిలించాడు. భలే ఉందన్నట్టు తలూపుతూ వంగి, ఇత్తడి గిన్నెలో ఉమ్మేశాడు.

“ఓలమ్మో,” అంది యర్రమ్మ. లేచి, కుర్చీ వెనక్కి పడిపోతే పట్టించుకోకుండా, బయటికి నడిచింది.

వెనక షెడ్డులో శ్రీలక్ష్మి ఆ జంటకు సంగతి చెబుతోంది. మనోజ్ రెండు చేతులూ జోడించి నిలబడిపోయాడు, సింధూరి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరి తప్పూ లేదని శ్రీలక్ష్మి పదే పదే అంటోంది. యర్రమ్మకు అవేవీ చెవికెక్కలేదు. తోట అంచున ఒక దుంగ ఉంటే దానిమీద కూర్చుంది. ఇన్నేళ్లు పంటి బిగువున ఆపుకున్న మాట. వియ్యాలవారి ముందు అనలేదు, సర్కారు ముందు అనలేదు, ఏ దేవుడి ముందూ అనలేదు. ఆఖరికి ఉమ్మి గిన్నెలో అంది.

కాసేపటికి సత్యారావు వచ్చాడు. కడిగిన గాజు గ్లాసు నిండా కొత్తగా పోసిన అనాస వైన్ తెచ్చి దుంగ మీద పెట్టాడు. తను కూర్చోలేదు. ఎదురుగా నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“నువ్వన్నమాట విన్నాను యర్రమ్మా. ఝూఠ్ ఎందుకు, సంతోషమేసింది. ఒక మనిషి పోయాడంటే సంతోషపడ్డానే అని సిగ్గు కూడా వేసింది. లేకిన్ అది ఎంగిలి గిన్నె. అందులో అన్నది చెల్లదు. నువ్వు అనలేదు, నేను వినలేదు. బస్.”

యర్రమ్మ కింద పడున్న పుల్ల ఒకటి తీసి విరిచింది.

“నోరు జారిన మాట పట్టుకుని నిన్ను నా ఇంటికి తెచ్చుకోను,” అన్నాడు సత్యారావు. “నీ మనిషి కోసం ఎన్నాళ్లు చూడాలనుంటే అన్నాళ్లు చూడు. నన్ను చేపలకి మాత్రం రానియ్యి.”

గ్లాసు అక్కడే వదిలేసి, షెడ్డు పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ గిన్నె తెచ్చుకుని, కింద కూర్చుని, చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టాడు. ఇటువైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

యర్రమ్మ ఆ వీపు చూస్తూ ఉండిపోయింది. ఆ మనిషి కోరుకున్నది ఒకే ఒక్క మాట. ఆ మాట ఆమె నోట్లోంచి రానే వచ్చింది, నలుగురూ విన్నారు. గట్టిగా పట్టుకుంటే కాదనేవాళ్లు లేరు. అలాంటిది తీసుకోనంటున్నాడు, మళ్లీ తెచ్చి ఆమె ఒళ్లోనే పెట్టి పోయాడు. ఎంత మంచివాడివయ్యా అనుకుంది. అనుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే ఆమెకే ఒక సందేహం వచ్చింది. ఇంతకీ నేను దేనికి ఏడుస్తున్నాను?

పోయాడని అన్నందుకా? వెతికి చూస్తే అది కాదు. పోయాడని అన్నందుకు గుండె పగలలేదు. ఆ వాటా తీసుకెళ్లి ఎంగిలి గిన్నెలో పోశానే అని పగిలింది. ఆ మనిషికి ఇన్నేళ్లకు ఒక చుక్క పెట్టి, అది కూడా శుభ్రంగా పెట్టలేకపోయానే అని. మరి బర్మా జైల్లోనో ఇంకో ఒడ్డునో అన్నం తింటూ ఉన్న మనిషి అయితే, అతనికి ఏ గిన్నెలో చుక్క పడితే ఏమిటి? బతికున్నవాడి కోసం గిన్నె ఎంగిలి అయిందని ఎవరైనా ఏడుస్తారా?

అంటే తనకు తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో తెలియదు. హడ్డో జెట్టీలో ఆ కుర్రాళ్లకు నీళ్లిచ్చిన రోజునుంచో, అంతకు ముందునుంచో. కడుపుకు తెలుసు, చేతికి తెలుసు, తనకొక్కదానికే చెప్పలేదు. అలా అనుకునేసరికి ఏడుపు ఇంకో రకంగా వచ్చింది. ఇందాకటి ఏడుపులో కోపముంది, ఇందులో లేదు. పదిహేనేళ్ల పైచిలుకు ఆకలితో గుమ్మం బయట నిలబెట్టిన మనిషిని తలుచుకుని ఏడ్చింది. అందరికీ ఆకులు వేసి, ఆయనకు మాత్రం వెయ్యకుండా. ఎంత పొగరుదాన్ని నేను, ఎంత కడుపు మాడ్చాను నిన్ను.

కొంగుతో మొహం తుడుచుకుని, గ్లాసు పట్టుకుని లేచింది. అనాస వరస మొదట్లో మట్టి మెత్తగా, తడిగా ఉంది. అక్కడ గొంతుక్కూర్చుని రాళ్లూ పుల్లలూ ఏరి పారేసి, అరచేత్తో నేల చదును చేసింది. కొంగు తలమీదికి లాక్కుంది. శ్రీలక్ష్మి వచ్చి వెనక నిలబడిన సంగతి ఆమెకు తెలుసు, వద్దనలేదు.

“ఉన్నన్నాళ్లూ నీ పేరు నా నోట అన్లేదు,” అంది మట్టితో. “బతికున్న మొగుడి పేరు పెళ్లాం అనకూడదు గదా. ఇన్నేళ్లూ ఆ లెక్కనే అన్లేదు. ఇయ్యాల అంటన్నాను.”

అరచేత్తో నేలను ఇంకోసారి సవరించింది. మళ్లీ నోరు తెరిచింది.

“అప్పలరాముడూ.”

చిన్నగా వచ్చింది, తనకే వినపడనంత. సిగ్గేసింది. పదిహేనేళ్ల పిల్లగా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాడు అత్త తమాషాకు మొగుడి పేరు చెప్పమంటే చెప్పలేక తలుపు వెనక దాక్కుంది, ఇప్పుడూ అలాగే ఒళ్లు ముడుచుకుంది. అయినా మళ్లీ పిలిచింది. ఈసారి బాగా వినపడింది. శ్రీలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తండ్రి పేరు తల్లి నోట వినడం ఆ పిల్లకు పుట్టాక అదే మొదలు.

“అప్పలరాముడూ, తాగయ్యా,” అంటూ యర్రమ్మ మూడు వేళ్లతో కాదు, గ్లాసుతోనే సగం దాకా వంపింది. “తియ్యగుంటాది. నీకు తీపి పడదని తెలుసు. ఈ ఒక్కసారికీ ఏటనుకోకు, ఆ మనిషి సొంతంగా సేసినాడు. మంచి మనిషి. నీ కూతుర్ని బాగానే పెంచినాను, సూడు. ఇంకేటీ దిగులు పెట్టుకోకు.”

మట్టి ఆ చుక్కను పీల్చుకునేదాకా చూసింది. మిగిలిన సగంలో ఒక గుక్క తను తాగి, ఒక గుక్క కూతురికిచ్చింది. ఇద్దరూ అక్కడే నేలమీద ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. షెడ్డులో మనోజ్, సింధూరి బయటికి రావడానికి కూడా మొహమాటపడి లోపలే ఉండిపోయారు.

యర్రమ్మ లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని, కుళాయి దగ్గరికి నడిచింది. సత్యారావు ఇంకా అటు తిరిగే గిన్నె తోముతున్నాడు. ఎంత తోమినా ఆ గిన్నె ఇంకేం మెరవాలో అతనికే తెలియాలి. ఆమె అడుగుల చప్పుడు విన్నాడు గానీ తిరగడానికి ధైర్యం చాలలేదు.

“సత్యా...” అని మొదలుపెట్టిన యర్రమ్మ చటుక్కున నాలుక కరుచుకుంది. జంక్షన్లో అందరి ముందూ ఇన్నేళ్లు గొంతెత్తి పిలిచిన పేరు. ఇక ఆ పేరు నోట అనకూడదు. ఒక్క క్షణం ఎలా పిలవాలో తోచక అక్కడే నిలబడింది.

“ఇదిగో,” అంది.

సత్యారావు చెయ్యి ఆగిపోయింది. భార్య పోయాక అతన్ని అలా పిలిచినవాళ్లు లేరు. తనను కాదేమోనని అటూ ఇటూ చూశాడు.

“నిన్నే,” అంది యర్రమ్మ. “అన్నాలయేళ అయిపోనాది. ఆ ఇద్దరు పిల్లలూ కూడా ఆకలితో ఉన్నారు లోపల. బియ్యం డబ్బా ఎక్కడుందో సూపించు.”